నెలన్నర సూది

(తునిలో ఒక మంగళవారం సాయంత్రం. మర్నాడు బుధవారం, టీకాలు వేసే రోజు. కాన్పుకి పుట్టింటికి వచ్చిన అమ్మాయి ఒళ్లో నెలన్నర పాప. అమ్మాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తుంది. ఎదురుగా కూర్చున్న మేనత్త ఏఎన్‌ఎంగా పనిచేసి రిటైరైంది. హంసవరం, తేటగుంట, కోటనందూరు వైపు ఊళ్లలో టీకా డబ్బా భుజాన వేసుకుని ఏళ్ల తరబడి తిరిగిన మనిషి. ఈ ఇద్దరూ నేను కల్పించినవాళ్లు. వాళ్ల ప్రశ్నలు మాత్రం ఇవాళ చాలా ఇళ్లలో వినపడుతున్నవే. ఎక్కువ ఇళ్లలో అవి కోపంతోనో కన్నీళ్లతోనో సగంలో ఆగిపోతాయి. చివరిదాకా అడిగించి, చివరిదాకా చెప్పించాలన్నదే ఈ సంవాదం ఉద్దేశం.)

మేనకోడలు: అత్తా, రేపు నేను రాను. మూడో నెల వెళ్లాక వేయిద్దాం. పాప ఇంకా నాలుగున్నర కేజీలు కూడా లేదు. ఒక్క పూటలో రెండు తొడలకీ రెండు సూదులు, చేతికి ఇంకొకటి, పైగా నోట్లో రెండు రకాల చుక్కలు. పెద్దవాళ్లకైనా ఒక్కసారి ఇన్ని వేస్తారా?

మేనత్త: లెక్క సరిగ్గానే చెప్పావమ్మా. ఎడమ తొడకి పెంటా. కుడి తొడకి పీసీవీ, అంటే నిమోనియా టీకా. కుడి జబ్బకి చర్మంలోకి పోలియో సూది. నోట్లో పోలియో చుక్కలు, రోటా చుక్కలు. ఒక్క పెంటాలోనే అయిదు జబ్బులకి మందుంది: కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, కామెర్లు తెచ్చే హెపటైటిస్-బి, మెదడు పొరల వాపుకీ నిమోనియాకీ కారణమయ్యే హిబ్. ఇన్ని చూసి భయపడ్డావంటే నువ్వు తల్లివి కాబట్టి. కానీ ఒక్కటి ఆలోచించు. వాయిదా వెయ్యడానికి సూది మన చేతిలో ఉంది. జబ్బు మన చేతిలో లేదు.

మేనకోడలు: అసలు నెలన్నరకే ఎందుకు? ఎవరో ఆఫీసులో కూర్చుని పెట్టిన తేదీలా ఉంది. వారం అటూ ఇటూ అయితే ఏమవుతుంది?

మేనత్త: వారం ఆలస్యమైతే ఏమీ మునిగిపోదు. నువ్వంటున్నది వారం కాదు, ఇంకో నెలన్నర. ఆ తేదీ ఎందుకు పెట్టారో చెబుతాను విను. కడుపులో ఉన్నప్పుడు నీ ఒంట్లోంచి కొంత రక్షణ పాపకి చేరింది. అది వారాల్లో కరిగిపోతుంది. పుట్టగానే పెంటా వేస్తే పసి ఒళ్లు దాన్ని సరిగ్గా అందుకోలేదు, తల్లి నుంచి వచ్చిన రక్షణ కూడా అడ్డొస్తుంది. బాగా ఆలస్యం చేస్తే తల్లిచ్చినది పోయి, సొంతది రాక, బిడ్డ ఉత్త చేతులతో ఉంటుంది. ఆ రెండింటి నడుమ చూసి పెట్టిందే ఆరో వారం.

కోరింత దగ్గు సంగతి చూడు. మూడేళ్ల పిల్లాడికి వస్తే నెలల తరబడి దగ్గుతాడు, కక్కుతాడు, చిక్కిపోతాడు, ఎలాగో లేచి తిరుగుతాడు. రెండు నెలల బిడ్డకి వస్తే దగ్గడానికి కూడా సత్తువ ఉండదు. ఊపిరి ఆగుతుంది, ఒళ్లు నీలం తిరుగుతుంది. తల్లి పక్కనే ఉన్నా ఏం జరిగిందో తెలిసేలోపు చెయ్యి దాటిపోవచ్చు. ఆ జబ్బుతో చనిపోయేవాళ్లలో ఎక్కువమంది నీ పాప వయసు వాళ్లే. అందరికంటే ఎక్కువ ప్రమాదం ఎవరికో, వాళ్లనే మూడో నెల దాకా ఆగమంటున్నావు నువ్వు.

మేనకోడలు: నాయనమ్మ కూడా మూడో నెల వరకు పిల్లని గడప దాటించొద్దనే అంటోంది. ఆవిడ అంతమంది పిల్లల్ని పెంచింది కదా.

మేనత్త: పెంచింది, ఇద్దర్ని మట్టిలో పెట్టింది కూడా. అందులో ఒకడు నాకు అన్న అయ్యేవాడు. పుట్టిన ఏడో రోజుకి పాలు తాగడం మానేశాడు, దవడ బిగిసిపోయింది, ఒళ్లు విల్లులా వంగింది. బొడ్డు కోసిన కత్తి వల్ల వచ్చిన ధనుర్వాతం అది. అప్పుడు గ్రహం పట్టిందనుకున్నారు. మా అమ్మ ముఖం మీద మచ్చలు చూశావుగా, అవి మశూచి మచ్చలు. ఆ తరం బిడ్డని గడప దాటించకపోవడానికి కారణం ఉంది. వాళ్ల చేతిలో ఉన్న రక్షణ ఆ గడప ఒక్కటే. మనకి అంతకంటే గట్టిది దొరికింది. మశూచి చివరి కేసు మన దేశంలో 1975లో చూశారు, 1980లో ప్రపంచం మొత్తం మీదే లేదని డబ్ల్యూహెచ్‌ఓ ప్రకటించింది. కాన్పుల్లో శుభ్రత వచ్చి, గర్భిణులకి టీటీ సూదులు పడ్డాక, పురిటిబిడ్డల ధనుర్వాతం అదుపులోకి వచ్చిందని 2003లో మన ఆంధ్రప్రదేశ్‌కి నిర్ధారణ దొరికింది, 2015లో దేశం మొత్తానికి. మా అమ్మకి ఈ సంగతి కూర్చోబెట్టి చెబితే పాపని ఎత్తుకుని ఆవిడే ముందు నడుస్తుంది.

మేనకోడలు: సరే, ఆ రోజులు వేరు. కంఠసర్పి, కోరింత దగ్గు ఇప్పుడెక్కడున్నాయి? తునిలో ఈ మధ్య ఎవరికైనా వచ్చిందని విన్నామా? లేని జబ్బు కోసం ఉన్న బిడ్డని బాధపెట్టడం దేనికి?

మేనత్త: నువ్వుండే ఊళ్లోనే నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి ఉంది. కంఠసర్పి పిల్లలు అక్కడికి ఇప్పటికీ వస్తూనే ఉన్నారు. గొంతులో తెల్లటి పొర కట్టి ఊపిరి అందని పిల్లలు వాళ్లు. జబ్బు కనపడకపోతే పోయిందనుకుంటాం. వెనక టీకా పనిచేస్తోంది కాబట్టి కనపడటం లేదు. ఆ టీకా ఆగితే ఏమవుతుందో చెప్పడానికి జపాన్ ఉంది. 1974లో అక్కడ దేశం మొత్తం మీద కోరింత దగ్గు కేసులు నాలుగు వందల లోపు, చావు ఒక్కటీ లేదు. ఆ చలికాలంలో టీకా వేయించుకున్న ఇద్దరు పసిపిల్లలు చనిపోయారు. దేశమంతా భయపడింది. ప్రభుత్వం కొన్నాళ్లు టీకా ఆపింది. మళ్లీ మొదలుపెట్టినా తల్లిదండ్రులు ముందుకు రాలేదు. 1976 నాటికి వేయించుకునే పిల్లలు నూటికి పదిమందే. 1979లో పదమూడు వేల కేసులు, నలభై ఒక్క చావులు.

మేనకోడలు: నువ్వు నలభై ఒకటి లెక్కపెట్టావు. ఆ తల్లులు ముందు పోయిన ఇద్దర్నీ లెక్కపెట్టారు. అందులో తప్పేముంది? నేను కూడా అలాంటిదే చూశాను అత్తా. 2019 మార్చిలో హైదరాబాదులో, నాంపల్లి పట్టణ ఆరోగ్య కేంద్రంలో పెంటా వేయించుకున్న పిల్లలకి జ్వరానికని మాత్రలిచ్చారు. అవి పారాసెటమాల్ కాదు, ట్రమడాల్. పెద్దవాళ్ల నొప్పులకి వాడే ఘాటు మందు. పిల్లలు మత్తులోకి జారిపోయారు. ఎంతోమందిని నిలోఫర్ ఆసుపత్రిలో చేర్చారు. పసిబిడ్డలు చనిపోయారు. ఆ తల్లులు కూడా నీలాంటి నర్సమ్మ మాట నమ్మే వెళ్లారు కదా. వాళ్లకి ఏం జవాబు చెబుతావు?

మేనత్త: (కాసేపు ఆగి) వాళ్ల దుఃఖానికి నా దగ్గర జవాబు లేదు తల్లీ. ఉందని చెప్పేవాళ్లని నమ్మకు కూడా. నీకు మాత్రం ఒక మాట చెప్పగలను. ఆ పిల్లల్ని చంపింది టీకా కాదు, టీకా తరవాత చేతిలో పెట్టిన మాత్ర. ఆ తేడా ఎందుకు తెలుసుకోవాలంటే, రేపు మనం ఎక్కడ జాగ్రత్త పడాలో అదే చెబుతుంది. జ్వరం మందు ఇచ్చినప్పుడు స్ట్రిప్ మీదో సీసా మీదో పేరు చదువు. కత్తిరించి విడి మాత్ర ఇస్తే పేరున్న ముక్క చూపించమను. మోతాదు బిడ్డ బరువుని బట్టి ఉంటుంది, కేజీకి పది నుంచి పదిహేను మిల్లీగ్రాములు. బరువు అక్కడే తూయించి, ఎంత వెయ్యాలో, ఎన్ని గంటలకోసారి వెయ్యాలో కార్డు మీద రాయించుకో. పారాసెటమాల్ చుక్కల మందు వేరు, సిరప్ వేరు. చుక్కల మందు చాలా చిక్కన. ఒకదాని కొలత ఇంకోదానికి వాడితే ప్రమాదం. జ్వరం రాకముందే వెయ్యాల్సిన పని లేదు, వస్తేనే వేసుకుంటాం.

మేనకోడలు: నేను చదువుకున్నాను, చదువుతాను. చదువు రాని తల్లి ఏం చెయ్యాలి?

మేనత్త: ఆమె తరఫున చదివి వినిపించాల్సింది టీకా వేసిన మనిషి. అది దయ కాదు, ఉద్యోగం. ప్రతి తల్లికీ నాలుగు మాటలు చెప్పి పంపాలని మాకు శిక్షణలోనే చెబుతారు. ఏ టీకా వేశాం, అది ఏ జబ్బు నుంచి కాపాడుతుంది. దీని తరవాత ఏం రావచ్చు, వస్తే ఏం చెయ్యాలి. మళ్లీ ఎప్పుడు రావాలి. ఈ కార్డు జాగ్రత్త, వచ్చేటప్పుడు తెచ్చుకో. ఈ నాలుగూ చెప్పకుండా సూది వేసి పంపేస్తే సగం పనే అయినట్టు.

మేనకోడలు: నేను హైదరాబాదులో విన్నంతవరకు ఆ నాలుగు మాటలు ఎవరూ చెప్పడం లేదు. వరసలో నిలబెడతారు, వేస్తారు, పంపేస్తారు. అడిగితే విసుక్కుంటారు. అందుకే జనం ఫోన్లో ఎవరు ఓపిగ్గా చెబితే వాళ్ల మాట వింటున్నారు, వాళ్లు అబద్ధం చెబుతున్నా సరే.

మేనత్త: ఈ మాట నేను కాదనను. ఒక్క మనిషి చేత్తో ఒక్క ఉదయం ఎంతమంది పిల్లలకని? రిజిస్టర్లు రాయాలి, టీకాల వివరాలు ఫోన్లో యూ-విన్‌లో ఎక్కించాలి, ఏడుస్తున్న పిల్లల మధ్య సూది గురి తప్పకుండా వెయ్యాలి. అది కారణమే అవుతుంది గాని సమర్థన కాదు. అడిగిన తల్లిని విసుక్కుంటే ఆమె రెండో డోసుకి రాదు. ఆ బిడ్డ కార్డు సగం ఖాళీగా ఉండిపోతుంది.

మేనకోడలు: జ్వరం మాటకొద్దాం. బయట డాక్టర్ల దగ్గర నొప్పి లేని టీకా ఉందట. జ్వరం రాదు, వాపు రాదు. డబ్బు మేం పెట్టుకోగలం. ఊరికే వేస్తున్నారని బిడ్డకి బాధ ఎక్కువున్న మందు ఎందుకు వేయించాలి?

మేనత్త: డబ్బుండి అది వేయిస్తానంటే నేను అడ్డుపడను. ఏ టీకా లేకపోవడం కంటే అది నూరు రెట్లు మేలు. అయితే తేడా తెలుసుకుని ఎంచుకో. ప్రభుత్వం వేసే పెంటాలో కోరింత దగ్గు క్రిమిని చంపి మొత్తంగా వాడతారు. అందుకే జ్వరం, వాపు, ఒక రోజు చిరాకు. బయట దొరికే దాంట్లో ఆ క్రిమిలోంచి కొన్ని ముక్కలే తీసుకుంటారు. బాధ తక్కువ. దాని రక్షణ తొందరగా తగ్గిపోతుందని అది వాడిన దేశాల్లోనే తేలింది. మన దేశంలో పిల్లల డాక్టర్ల సంఘం, ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, మొదటి మూడు డోసులకీ మొత్తం క్రిమి ఉన్న టీకాకే ఒకప్పుడు మొగ్గు చూపింది. ఊరికే వేసే మందు కాబట్టి నాసిరకం అన్న మాట నిజం కాదు.

మేనకోడలు: జ్వరం వస్తే ఎంతసేపు? ఎప్పుడు కంగారు పడాలి?

మేనత్త: ఆ సాయంత్రమో రాత్రో మొదలై ఒకటి రెండు రోజుల్లో తగ్గాలి. సూది పడ్డ చోట ఎర్రగా, కాస్త గట్టిగా ఉండొచ్చు. అక్కడ నూనె పెట్టి రుద్దొద్దు, వేడి కాపడం పెట్టొద్దు, పసుపు రాయొద్దు. స్నానం పోసేటప్పుడు మీ అమ్మ తొడలు నలిపేస్తుంది, రెండు రోజులు వద్దని ముందే చెప్పు. పాలు ఎప్పుడడిగితే అప్పుడు ఇస్తూ ఉండు. మూడు గంటలు దాటినా ఆపకుండా ఏడుస్తున్నా, ఫిట్స్ వచ్చినా, ఒళ్లు వేలాడేసినా, పాలు తాగకపోయినా, పిలిచినా కళ్లు తెరవకపోయినా క్షణం ఆలోచించకుండా ఏరియా ఆసుపత్రికి తీసుకుపోవాలి. టీకా వేశాక అరగంట అక్కడే కూర్చోమనేది కూడా అందుకే. గట్టి ఎలర్జీ అనేది లక్షల్లో ఏ ఒక్కరికో వస్తుంది. వస్తే నిమిషాల్లో వస్తుంది. దానికి విరుగుడు సూది టీకా వేసేవాళ్ల దగ్గర పెట్టెలో ఉంటుంది. ఎండ ఎక్కుతోందని, ఆటో వాడు తొందర పెడుతున్నాడని ఆ అరగంట వదులుకోకూడదు.

మేనకోడలు: పాపకి నాలుగు రోజులుగా ముక్కు కారుతోంది. అలా ఉన్నా వేయొచ్చా?

మేనత్త: జలుబుకి ఆపక్కర్లేదు. బరువు తక్కువని కూడా ఆపక్కర్లేదు, అలాంటి బిడ్డకే రక్షణ ఎక్కువ అవసరం. ఒళ్లు కాలిపోయేంత జ్వరమో, ఆసుపత్రిలో చేర్చాల్సినంత జబ్బో ఉంటేనే ఆగుతాం, తగ్గగానే వేస్తాం.

మేనకోడలు: తుని ఎండల్లో, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని చోట, ఆ మందు పాడవకుండా ఉందని నాకెలా నమ్మకం?

మేనత్త: నమ్మమని అడగను, చూసి తెలుసుకోమంటాను. టీకాలు రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. కరెంటు పోయినా గంటల తరబడి చల్లదనం నిలిపే ప్రత్యేకమైన ఫ్రిజ్‌లు పీహెచ్‌సీల్లో ఉంటాయి. రోజుకి రెండుసార్లు డిగ్రీలు రాస్తారు. పెంటా సీసా మీద చిన్న గుండ్రటి గుర్తుంటుంది, లోపల ఒక చదరం. చదరం బయటి గుండ్రం కంటే తెల్లగా ఉంటే మందు బాగున్నట్టు. రెండూ ఒకే రంగైతే వేడి తగిలి పాడైనట్టు, పారెయ్యాలి. ఆ సీసా చూపించమని అడుగు, చూపిస్తారు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పెంటాకి వేడి కంటే గడ్డకట్టే చలి ఎక్కువ చేటు. ఒకసారి గడ్డ కట్టిందంటే బయటికి బాగానే కనిపిస్తుంది, లోపల పని చెయ్యదు. అందుకని ఫ్రీజర్లోంచి తీసిన ఐస్ ప్యాకుల్ని డబ్బాలో వెంటనే పెట్టం. బల్ల మీద పెట్టి, చెవి దగ్గర ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వచ్చేదాకా ఆగుతాం. తెల్లారకుండా లేచి ఆ చప్పుడు కోసం ఎదురుచూసిన రోజులు నాకు లెక్కలేనన్ని. ఇక సూది సంగతి. ఒకసారి వాడగానే దానంతట అదే బిగిసిపోతుంది, రెండోసారి లాగుదామన్నా రాదు. నీ ఎదురుగా కవరు చించమను.

మేనకోడలు: పోలియో సంగతి చెప్పు. 2011 తరవాత దేశంలో వైల్డ్ పోలియో కేసు లేదు, 2014లో సర్టిఫికెట్ కూడా వచ్చింది. ఇంకా చుక్కలూ సూదీ రెండూ ఎందుకు? పైగా చుక్కల మందులో ఉండే బతికిన వైరస్ వల్లే కొందరికి పక్షవాతం వచ్చిందని చదివాను. అబద్ధమంటావా?

మేనత్త: నిజం. దాచడం ఎందుకు? లక్షల డోసుల్లో ఎక్కడో ఒకరికి అలా జరుగుతుంది. ఇంకోటి కూడా నిజం. చుక్కల్లో ఉండే బలహీనపరిచిన వైరస్ టీకా పడని పిల్లల మధ్య ఎక్కువ కాలం తిరిగితే మళ్లీ బలం పుంజుకోగలదు. 2016లో హైదరాబాదు మురుగునీటిలో దొరికింది అలాంటిదే. ఏ బిడ్డకీ జబ్బు రాలేదు, నీళ్లలోనే పట్టుకున్నారు. ఆ జూన్‌లో దాదాపు మూడు లక్షల మంది పిల్లలకి పోలియో సూది వేశారు.

మేనకోడలు: అంటే నా అనుమానమే నిజమైంది కదా!

మేనత్త: అనుమానం నిజం. దాని నుంచి ఏం చెయ్యాలన్న దగ్గరే నువ్వూ నేనూ విడిపోతున్నాం. ఆ ఇబ్బంది తెలిసే 2016 ఏప్రిల్లో చుక్కల్లోంచి రెండో రకం వైరస్‌ని ప్రపంచమంతా తీసేశారు. ఆ ఏడాదే మన రాష్ట్రం, ఇంకొన్ని రాష్ట్రాలు చర్మంలోకి వేసే సూదిని మొదలుపెట్టాయి. అందులో ఉండేది చచ్చిన వైరస్, ఎవరికీ జబ్బు చెయ్యలేదు. మామూలు డోసులో అయిదో వంతుతోనే పని జరుగుతుంది. సూది రక్తంలో కాపలా పెడుతుంది, చుక్కలు పేగుల్లో వైరస్ మకాం వెయ్యకుండా చూస్తాయి. రెండూ పూర్తిగా పడ్డ బిడ్డకి మురుగులో పోలియో వైరస్ ఉన్నా భయం చాలా తక్కువ. 2022లో న్యూయార్క్ రాష్ట్రంలో ఒక యువకుడికి పోలియోతో కాళ్లు పడిపోయాయి. అంత డబ్బున్న దేశంలో, అన్ని ఆసుపత్రులున్న చోట. అతను టీకా వేయించుకోని మనిషి.

మేనకోడలు: చివరికి లాభం కంపెనీలకే కదా అత్తా. ఏటేటా ఒక కొత్త టీకా చేరుస్తున్నారు. మా చిన్నప్పుడు ఇన్ని లేవు.

మేనత్త: కంపెనీ లాభం చూసుకుంటుంది, నిజమే. మనం చూడాల్సింది ఆ మందు పనిచేసిందా, పేదవాడికి అందిందా అని. నువ్వు పుట్టినప్పుడు హెపటైటిస్-బి టీకా విదేశాల నుంచి రావాలి, వందల రూపాయలు. మా ఊళ్లలో దాని పేరు కూడా తెలియదు. 1997లో హైదరాబాదులో వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ దాన్ని ఇక్కడే తయారుచేసి ధర నేల మీదికి తెచ్చింది. అదే నీ పాపకి పుట్టిన రోజునే పడింది, పైసా లేకుండా. రోటా టీకా సంగతీ అంతే. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఒక పురిటిబిడ్డ దగ్గర దొరికిన వైరస్ నుంచి ఏళ్ల తరబడి పరిశోధించి, హైదరాబాదు భారత్ బయోటెక్ తయారుచేసింది. 2016లో దేశంలో మొదట మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో మనది ఒకటి. అది అన్ని విరేచనాలనీ ఆపదు, ప్రాణం మీదికి తెచ్చే రోటా విరేచనాల్లో సగానికి పైగా ఆపుతుంది. మిగతా సగానికి తల్లిపాలు, ఓఆర్‌ఎస్, చేతులు కడుక్కోవడం. ఇంత తక్కువేనా అంటావేమో. వేసవిలో నీరసించి కళ్లు లోపలికి పోయిన బిడ్డని ఎత్తుకుని తల్లి పరిగెత్తడం చూసినదానికి ఆ సగం ఎంత పెద్దదో తెలుస్తుంది.

మేనకోడలు: నా పాప ఒక్కతి ఆగితే ఊరికి ఏం నష్టం? చుట్టూ అందరూ వేయించుకుంటున్నారుగా.

మేనత్త: ఆ ధైర్యం నీకు ఎవరిచ్చారు? పక్కింటి బిడ్డ ఏడ్చి, జ్వరం పడి సంపాదించిన రక్షణ అది. నీ పాప దాన్ని వాడుకుంటోంది. ఇచ్చేవాళ్లు ఎక్కువ, వాడుకునేవాళ్లు తక్కువ ఉన్నంతకాలం సాగుతుంది. ఏటిగట్టుకి ఒక్కచోట గండి పడితే నీళ్లు ఆ పొలం వరకే వచ్చి ఆగవు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, రెండో ఏడు నడుస్తున్న పిల్లల్లో ప్రాథమిక టీకాలన్నీ పడినవాళ్లు దేశం మొత్తం మీద 76 శాతమే. అంటే నలుగురిలో దాదాపు ఒకరికి ఏదో ఒక టీకా పడలేదు. వాళ్లలో నీలా ఆలోచించి ఆగినవాళ్లూ ఉన్నారు. ఇటుక బట్టీల్లో పనికి వలసొచ్చినవాళ్లు, కార్డు పోగొట్టుకున్నవాళ్లు, ఒక రోజు కూలి పోతుందని రానివాళ్లు కూడా ఉన్నారు. ఆ పిల్లలకి జబ్బు రాకుండా ఉండాలంటే చుట్టూ ఉన్న మన పిల్లలు గట్టిగా ఉండాలి. వేయించుకోగలిగి ఆగితే ఆ భారం వేయించుకోలేని బిడ్డ మీద పడుతుంది.

మేనకోడలు: ఆ మాట నాకు తగిలింది. ఇంతసేపూ నా బిడ్డ, నా భయం అనే ఆలోచించాను. అయినా ఒక్కటి ఒప్పుకోను అత్తా. భయపడిన తల్లిని మూర్ఖురాలంటే ఒప్పుకోను. నాంపల్లి తరవాత భయపడకపోతేనే ఆశ్చర్యం.

మేనత్త: ఒప్పుకోవద్దు. నీ ప్రశ్నల్లో ఒక్కటి కూడా అక్కర్లేనిది లేదు. మందు పేరేమిటి, సీసా బాగుందా, సూది కొత్తదా, మోతాదు ఎంత అని తల్లులు అడుగుతుంటే ఆ చోట పొరపాటు జరగడమే కష్టం. అడిగే తల్లి టీకాకి శత్రువు కాదు, రెండో కాపలా. అడగకుండా తలూపే తల్లి కంటే అడిగి వేయించే తల్లినే నేను కోరుకుంటాను.

మేనకోడలు: అయితే రేపు వస్తాను. అడగాల్సినవన్నీ అడుగుతాను, అరగంట కూర్చుంటాను. కానీ వచ్చే నెల నేను హైదరాబాదు వెళ్లిపోతాను కదా, రెండోది ఎక్కడ?

మేనత్త: అసలు చిక్కు అక్కడే. మొదటి సూదికి అందరూ వస్తారు, అమ్మమ్మ ఇంట్లో ఉంటారు, చేయూతగా నలుగురుంటారు. పదో వారానికి తల్లి అత్తారింటికో ఉద్యోగానికో వెళ్లిపోతుంది. పద్నాలుగో వారానికి ఎవరికీ గుర్తుండదు. ఒక్క డోసుతో వచ్చేది కొద్దిపాటి రక్షణే, మూడూ పడితేనే అది నిలబడుతుంది. నీ కార్డు దేశంలో ఏ ప్రభుత్వ కేంద్రంలోనైనా చెల్లుతుంది. యూ-విన్‌లో నీ ఫోన్ నంబరుతో ఎక్కిస్తే అక్కడివాళ్లకీ కనిపిస్తుంది. పదో వారంలో పెంటా, పోలియో చుక్కలు, రోటా. పద్నాలుగో వారంలో ఆ మూడింటితో పాటు పీసీవీ, చేతికి పోలియో సూది. తొమ్మిది నెలలు నిండగానే తట్టు టీకా. ఒకవేళ తేదీ దాటిపోతే సిగ్గుపడి మానెయ్యకు, మొదటినుంచి మొదలుపెట్టరు, ఆగిన చోటు నుంచే వేస్తారు.

మేనకోడలు: తేదీలు ఫోన్లో పెట్టుకుంటాను, ఆయన ఫోన్లో కూడా పెడతాను. ఇది తల్లి ఒక్కదాని పని కాదు. కానీ నాకో మాట ఇవ్వు. నువ్వు రిటైరైనా అక్కడ నీ మాట వింటారు. నాకు చెప్పిన ఆ నాలుగు మాటలు, రేపు వరసలో నా వెనక నిలబడ్డ తల్లికి కూడా చెప్పించాలి. ఆమె అడిగినా, అడగకపోయినా.

మేనత్త: చెప్పిస్తాను. ఎవరైనా మరిచిపోతే నువ్వే ఆమె పక్కన కూర్చుని చెప్పు. ఇప్పుడు నీకు అన్నీ తెలుసు కదా. పొద్దున్నే పాపకి కడుపునిండా పాలు పట్టు, తొడల పైకి తీయడానికి వీలుగా వదులు చొక్కా వెయ్యి, కార్డు ఇప్పుడే సంచిలో పెట్టు. తొమ్మిదికల్లా బయల్దేరదాం.